విడిగా ఇల్లు చూసుకుంటున్నాను, జబ్బు సంగతి ఓనరుకు చెప్పాలా? (ఒడిశా బరంపురం)

మహేంద్రతనయ | ఆదివారం, రాత్రి 9:40

నమస్కారం అండి. ఏడాదిగా ఈ ఫోరంలో మీ పోస్టులు చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

నాకు 34 ఏళ్లు. సొంతూరు పర్లాకిమిడి, పదేళ్లుగా బరంపురంలో ఉంటున్నాను. ఒక ఆడిటరు గారి ఆఫీసులో జీఎస్టీ పని చూస్తాను. 2014లో బైపోలార్ (మనసు కొన్నాళ్లు ఉప్పొంగి, కొన్నాళ్లు కుంగిపోయే జబ్బు) అని తేల్చారు. మూడుసార్లు ఆసుపత్రిలో చేరాను, ఆఖరుసారి 2021లో. మొదట్నుంచీ పగలు లిథియం (మనసును అదుపులో ఉంచే మందు), 2021 నుంచీ రాత్రికి ఇంకో మాత్ర. మందు మానలేదు, ఉద్యోగం పోలేదు.

ఉండేది పిన్ని ఇంట్లో. మాఘంలో తమ్ముడి పెళ్లి. కొత్త కోడలు వస్తే గది కావాలి కదా. పిన్ని నన్ను వెళ్లమని నోరు తెరిచి అనలేదు. పోయిన వారం ఆఫీసు నుంచి వచ్చేసరికి నా బీరువా మాత్రం హాల్లో ఉంది. నిజం చెప్పాలంటే నాకూ విడిగా ఉండాలనే ఉంది. నా మాత్రలు ఎవరూ లెక్కపెట్టని చోటు, నేను కాస్త గట్టిగా నవ్వితే ఒకరి మొహం ఒకరు చూసుకోని చోటు కావాలి.

ఇప్పటికి నాలుగు చూశాను. మొదటింట్లో "మీ ఆయన ఎక్కడ పని చేస్తారు" అన్నారు. విడాకులైందని చెప్పాను. "మా ఇంట్లో పెళ్లీడు పిల్లలున్నారమ్మా" అని తలుపు దాకా సాగనంపారు. రెండో చోట అడ్వాన్సు కూడా ఇచ్చాను. సాయంత్రానికల్లా ఫోను, "మీ గురించి వేరేవాళ్లు చెప్పారు" అని. డబ్బు తిరిగిచ్చారు, 500 తక్కువ. ఎందుకు తగ్గిందని అడిగే ఓపిక లేక ఊరుకున్నాను. మూడోది మేడ మీద రేకుల గది, నెలకు 3,000, ఎవరూ ఏమీ అడగలేదు. నాలుగోది ఆడవాళ్ల హాస్టలు. దాని ఫారంలో "ఏవైనా జబ్బులున్నాయా" అని ఒక గడి ఉంది. పెన్ను పట్టుకుని ఆ గడి దగ్గర అయిదు నిమిషాలు కూర్చుని, ఫారం అక్కడే పెట్టి వచ్చేశాను.

ముందే చెప్పేయాలా? దాచాలా? చెప్పి ఇల్లు దొరికినవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా?

పెద్దబజారు బాబాయ్ | ఆదివారం, రాత్రి 10:15

అమ్మా, నేను ఇంటి ఓనర్ని. ఇక్కడి వాళ్లకి కోపం రావచ్చు, అయినా రాస్తాను.

నాకు మూడు వాటాలున్నాయి. కొన్నేళ్ల కిందట కింది వాటాలో ఒక కుర్రాడు దిగాడు. చాలా మర్యాదస్తుడు, అద్దె ఒకటో తారీకుకల్లా ఇచ్చేవాడు. ఒకరోజు తలుపేసుకున్నాడు, మూడు రోజులు తియ్యలేదు. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, అప్పుడప్పుడు దగ్గు. పిలిస్తే పలకడు. అగ్రిమెంటులో ఇచ్చిన నంబరుకి చేస్తే అది వాళ్ల నాన్నదట, ఆయన పోయి రెండేళ్లయింది. మా ఆవిడ అన్నం గిన్నె గుమ్మంలో పెట్టేది, మర్నాడు అలాగే ఉండేది. చివరికి ఆ అబ్బాయి ఆఫీసు వాళ్లని వెతికి పట్టుకుని పిలిపించాం. తలుపు తీశాడు, బతికే ఉన్నాడు, అదృష్టం.

తర్వాత ఎవరు ఇల్లడిగినా నేనూ ఆరాలు తీస్తున్నాను. ఆ అబ్బాయి దిగేటప్పుడే "బాబాయ్, నాకిలాంటిది వస్తుంటుంది, వస్తే ఫలానా వాళ్లకి ఫోను చెయ్యండి" అని ఒక్క చీటీ ఇచ్చి ఉంటే నేను కాదనేవాణ్ణా? నూటికి నూరుపాళ్లు చెప్పలేను. కానీ ఆ మూడు రాత్రులు మాత్రం ఉండేవి కావు.

సిరొంచ తమ్ముడు | ఆదివారం, రాత్రి 11:02

చెప్పొద్దు అక్కా. నేను రెండుసార్లు చెప్పి రెండు ఇళ్లు పోగొట్టుకున్నాను.

మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ, ఇంట్లో తెలుగే. నాకు స్కిజోఫ్రీనియా, లేనివి ఉన్నట్టు అనిపించే మానసిక జబ్బు. చంద్రాపూర్‌లో మొదటి ఓనరుకి నిజాయితీగా చెప్పాను. ఆయన మరాఠీలో ఎవరితోనో ఫోనులో "వేడా ఆహే" (పిచ్చివాడు) అంటున్నాడు, నాకు మరాఠీ రాదనుకున్నాడు పాపం. సిరొంచలో బడి అంతా మరాఠీలోనే చదివాను.

ఇప్పుడు ఇంకో ఇద్దరితో కలిసి ఒక గది, వంటిల్లు. వాళ్లిద్దరికీ తెలుసు, ఓనరుకి తెలియదు. కింద టీకొట్టు కాకా ఉన్నాడు, ఆయనకీ నాకూ ఒక ఏర్పాటుంది. పొద్దున లేవగానే పచ్చ తువ్వాలు బాల్కనీ తీగ మీద వేస్తాను. పది దాటినా తువ్వాలు కనబడకపోతే కాకా పైకొచ్చి తలుపు కొడతాడు. అంతే. జబ్బు పేరు ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. రెండేళ్లలో రెండుసార్లు కొట్టాడు. ఒకసారి నిజంగా అవసరమైంది. ఇంకోసారి తువ్వాలు ఉతికి బకెట్లోనే మర్చిపోయాను.

జైపూరు అమ్మ | సోమవారం, ఉదయం 6:20

బాబూ, ఆ తువ్వాలు మాట చదివి పొద్దున్నే కళ్లనీళ్లొచ్చాయి.

మా అబ్బాయికి 27. కొరాపుట్ జిల్లా జైపూరులో మేమిద్దరం, వాడూ. వాళ్ల నాన్నకి రెండు స్టెంట్లు వేశారు. మా తర్వాత వీడెక్కడ ఉంటాడన్నది నాకు రోజూ రాత్రి రెండింటికి వచ్చే ఆలోచన. చుట్టాలు ఒక "హోము" చెప్పారు, పేరు రాయను. పచ్చటి తోట, తెల్లటి భవనం, నెలకు 12,000. మొదటి నెల చూడ్డానికి రానివ్వలేదు, "అలవాటు పడాలి" అన్నారు. రెండో నెల గొడవపడి వెళ్తే వాడికి గుండు కొట్టించారు. కాలికి గాటు ఉంది. ఏమిటని అడిగితే జారిపడ్డాడన్నారు. తాగుడు మానిపించడానికి తెచ్చినవాళ్లనీ మావాణ్ణీ ఒకే హాల్లో పడుకోబెట్టారు. అదే రోజు ఆటో మాట్లాడుకుని తెచ్చేసుకున్నాను.

మహేంద్రతనయ తల్లీ, నీ అంతట నువ్వు ఇల్లు వెతుక్కుంటున్నావు చూడు, నాకు అదే పెద్ద విషయంలా ఉంది.

ముక్కుసూటి | సోమవారం, ఉదయం 8:05

ఎవరూ అనట్లేదు కాబట్టి నేనంటాను. ఇలాంటివాళ్లు ఇంట్లోవాళ్ల దగ్గరైనా ఉండాలి, ఆసుపత్రిలోనైనా ఉండాలి. పక్కవాటాలో చిన్నపిల్లలుంటారు. రేపు ఏమైనా అయితే ఎవరిది బాధ్యత? [ఇక్కడ ఒక వాక్యం తీసేశాం. నిర్వాహకులు]

సీలేరు | సోమవారం, మధ్యాహ్నం 1:30

భోజనాల టైములో రాస్తున్నాను, అటూ ఇటూ అయితే క్షమించండి. నేను జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో సోషల్ వర్కర్ని, కొండ జిల్లాల్లో పన్నెండేళ్లుగా తిరుగుతున్నాను.

ముందు ముక్కుసూటి గారికి. "ఇల్లు లేదంటే ఆసుపత్రి" అన్నది ఇప్పుడు చట్టం ఒప్పుకోని మాట. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షను చదవండి. కుటుంబం లేదనో, కుటుంబం వద్దన్నదనో, ఇల్లు లేదనో, ఊళ్లో వేరే సదుపాయం లేదనో ఆ ఒక్క కారణంతో ఎవరినీ ఆసుపత్రిలో ఉంచకూడదు. సమాజంలో అందరితో కలిసి బతకడం వాళ్ల హక్కు. హాఫ్‌వే హోములు (ఆసుపత్రి నుంచి వచ్చాక మామూలు బతుక్కి అలవాటు పడేదాకా ఉండే ఇళ్లు), సహాయం ఉండే వసతిగృహాలు ఏర్పాటు చెయ్యడం ప్రభుత్వం వంతు అని 18వ సెక్షన్లో ఉంది. మన జిల్లాల్లో నేను తిరిగినంత మేర అలాంటి ఇల్లు ఒక్కటీ నా కంటపడలేదు, అది వేరే సంగతి. కాగితానికీ కొరాపుట్ ఘాట్ రోడ్డుకీ మధ్య చాలా మలుపులున్నాయి.

జైపూరు అమ్మగారూ, మీరు రాసినవి రెండూ చట్టం నిషేధించినవే. కాలి మీద ఆ గాటు గొలుసుదే అయితే, ఏ రూపంలోనూ గొలుసు వెయ్యకూడదు, బలవంతంగా గుండు చెయ్యకూడదు. అలాంటి చోటు రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర రిజిస్టరై ఉండాలి. ఇంకెక్కడికైనా వెళ్తే ముందు ఆ కాగితం చూపించమనండి. తర్వాత, అబ్బాయితో ఒంటరిగా పది నిమిషాలు మాట్లాడనిస్తారా, వాడి దగ్గర ఫోను ఉంచుతారా అని అడగండి. నీళ్లు నమిలితే అక్కణ్ణుంచి వచ్చెయ్యండి.

ఇప్పుడు మహేంద్రతనయ గారూ. ఓనరుకి జబ్బు పేరు చెప్పి తీరాలని ఏ చట్టమూ అనదు. చెప్పడం, చెప్పకపోవడం మీ ఇష్టం. దానికన్నా ముందు, దయచేసి ఆ రేకుల గది తీసుకోకండి. ఇప్పుడు చలికాలం కాబట్టి తెలియదు. ఏప్రిల్లో బరంపురం రేకుల కింద ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. లిథియం వాడేవాళ్లకి చెమట ఎక్కువ పట్టి ఒంట్లో నీళ్లూ ఉప్పూ తగ్గితే రక్తంలో మందు పాళ్లు పెరుగుతాయి. చేతులు ఎక్కువగా వణకడం, విరేచనాలు, వాంతులు, నడిస్తే తూలడం, మాట ముద్దగా రావడం, వీటిలో ఏది వచ్చినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లి రక్తపరీక్ష చేయించాలి. నడుంనొప్పనో పంటినొప్పనో మెడికల్ షాపులో ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కొనుక్కుని వేసుకోవద్దు, అవీ పాళ్లు పెంచుతాయి. నెలకు వెయ్యి ఎక్కువైనా స్లాబు కింద, నీళ్లు ఆగని చోట చూడండి.

ఇల్లు ఒకసారి రాత్రి పదింటికి కూడా చూడండి. అందరూ పగలు చూసి అడ్వాన్సిస్తారు. బైపోలార్ ఉన్నవాళ్లకి నాలుగు రాత్రులు వరసగా నిద్ర చెడితే ఏమవుతుందో మీకే బాగా తెలుసు. పక్కన కల్యాణ మండపం ఉందా, వెనక పిండిమిల్లు ఉందా, వీధిలో కుక్కలెన్ని, అన్నీ పదింటికే తెలుస్తాయి.

మహేంద్రతనయ | సోమవారం, రాత్రి 9:10

సీలేరు గారూ, లిథియం పదకొండేళ్లుగా వాడుతున్నాను. రేకులకీ దానికీ సంబంధం ఉందని ఎవరూ చెప్పలేదు. పోయిన మే నెలలో చేతులు వణికితే టీ ఎక్కువైందనుకున్నాను.

సిరొంచ తమ్ముడూ, మీ కాకా లాంటి మనిషి దొరకడమే కష్టం.

ముక్కుసూటి గారికి నేను జవాబు చెప్పలేను. నా పక్కవాటాలో పిల్లలు లెక్కల హోంవర్కు చేయించుకోడానికి వస్తుంటారు. అంతకంటే ఏం రాయాలో తెలియట్లేదు.

గుణుపురం ప్లీడరు గుమస్తా | మంగళవారం, ఉదయం 7:45

నేను ప్లీడర్ని కాను, ఆయన దగ్గర 22 ఏళ్లుగా గుమస్తాని. ప్లీడరు గారికి చదివి వినిపించాను, ఆయన చెప్పింది రాస్తున్నాను.

"జబ్బున్నవాళ్ల సంతకం చెల్లదు, అన్నయ్య పేరు మీద అగ్రిమెంటు రాయండి" అని బ్రోకర్లు అంటుంటారు. ఒప్పుకోకండి. 1872 కాంట్రాక్టు చట్టంలోనే ఉంది, అప్పుడప్పుడు మతి చెడేవాళ్లు కూడా మంచిగా ఉన్నప్పుడు ఒప్పందం చేసుకోవచ్చు. 2017 చట్టం ఇంకా తేటగా చెప్పింది. జబ్బు ఉందన్నంత మాత్రాన మతి స్థిమితం లేదని కాదు, ఆ మాట కోర్టు తేల్చాలి. కాబట్టి మీ పేరే, మీ సంతకమే. అన్నయ్య పేరు మీద రాస్తే రేపు అన్నయ్యకీ మీకూ మాట పట్టింపు వచ్చిన రోజు ఆయన ఒక్క ఫోనుతో మీ ఇల్లు పోతుంది. ఇలాంటిది మా ఆఫీసుకే ఒకటి వచ్చింది.

అగ్రిమెంటు పదకొండు నెలలకి రాస్తారు, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చెయ్యాల్సి వస్తుందని. అడ్వాన్సు ఎంత, ఖాళీ చేస్తే ఎన్నాళ్లలో ఇస్తారు, ఎన్ని నెలల నోటీసు, ఇవి రాతలో ఉండాలి. అడ్వాన్సు ఫోన్‌పేలో పంపండి, చేతికిస్తే రసీదు తీసుకోండి. మీ 500 సంగతి అందుకే.

అగ్రిమెంటు చూసిన ఓనరు మళ్లీ గొణిగితే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి. వైకల్యం ఉన్నవాళ్లకి ప్లీడరు ఉచితం, ఆదాయం అడగరు. మానసిక జబ్బు 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో ఒకటి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే ప్రభుత్వ ఇళ్ల పథకాల్లో 5 శాతం కోటా కూడా ఉంది, అందులో ఆడవాళ్లకి ముందు.

నాందేడ్ ఆడపడుచు | మంగళవారం, మధ్యాహ్నం 12:10

ధర్మాబాద్ నుంచి రాస్తున్నాను. మా అత్తయ్యగారు నాందేడ్‌లో ఆడపిల్లల హాస్టలు నడుపుతారు, లెక్కలు నేను చూస్తాను. ఆ గడి మా ఫారంలోనూ ఉంది. మీ మొదటి పోస్టు చదివాక ఆ ఫారం తీసి చూశాను. ఆ గడి ఎవరు పెట్టారో మాకే తెలియదు, ఏదో హాస్టలు ఫారం జిరాక్సు తీసి వాడుతున్నాం.

కానీ ఒక మాట. ఒక అమ్మాయి చెప్పకుండా చేరింది. మందులు అయిపోయాయి, ఇంటికి ఫోను చెయ్యడానికి భయపడింది, వారం రోజులు నిద్రపోకుండా వార్డెన్‌ని కాపలా కాసింది, "ఆవిడ నా అన్నంలో ఏదో కలుపుతోంది" అని. పక్క పిల్లలు హడలిపోయారు. చెప్పి ఉంటే మందులు మేమే తెచ్చిపెట్టేవాళ్లం కదా అని అత్తయ్య ఇప్పటికీ బాధపడతారు. సిరొంచ తమ్ముడు చెప్పొద్దన్నాడు, నాకు అది పూర్తిగా మింగుడుపడలేదు.

సిరొంచ తమ్ముడు | మంగళవారం, రాత్రి 10:30

వదినా, చెప్పి ఉంటే ఆ అమ్మాయికి అసలు సీటిచ్చేవారా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

నాందేడ్ ఆడపడుచు | మంగళవారం, రాత్రి 10:52

ఇచ్చేవాళ్లం కాదేమో.

సీలేరు | బుధవారం, ఉదయం 7:15

మీరిద్దరూ ఒకే తాడుకి రెండు కొసలు పట్టుకున్నారు. జబ్బు పేరు చెప్పడం ఒకటి, "నాకు ఇబ్బంది వస్తే ఇలా తెలుస్తుంది, అప్పుడు ఈ నంబరుకి చెయ్యండి" అని చెప్పడం ఒకటి. మొదటిది ఓనరుకి అక్కర్లేదు. రెండోది బాబాయ్ గారు అడిగిన చీటీ. సిరొంచ తమ్ముడి తువ్వాలు కూడా చీటీయే, తీగ మీద ఆరేశాడంతే.

ఆ నంబరు ఎవరిదన్నది ముఖ్యం. 2017 చట్టంలో ప్రతినిధిని పెట్టుకునే వీలుంది, 14వ సెక్షను. తెల్లకాగితం మీద రాసి సంతకం పెడితే చాలు. రక్తసంబంధీకులే కానక్కర్లేదు, ఒప్పుకున్న పెద్దవాళ్లు ఎవరైనా సరే. మీ జబ్బు తిరగబెట్టి మీరు నిర్ణయించుకోలేని స్థితి వస్తే డాక్టర్లు వాళ్లతో మాట్లాడతారు. ఎవరూ అందుబాటులో లేని రాత్రి 14416కి చెయ్యండి, టెలి మానస్ అని మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైను, ఉచితం. తెలుగులో మాట్లాడతారు. మనవాళ్లకి అది చిన్న విషయం కాదు.

సిరొంచ తమ్ముడు | బుధవారం, ఉదయం 7:50

భాష మాట నిజం. మొదటిసారి పెద్దాసుపత్రికి వెళ్లినప్పుడు "గుబులుగా ఉంది" అన్నదాన్ని మరాఠీలో ఎలా చెప్పాలో తట్టలేదు. గుండె మీద చెయ్యి పెట్టి చూపించాను. ఈసీజీ తీసి, గుండె బాగానే ఉందని పంపించేశారు.

ఇంకోటి, ముక్కుసూటి గారు ఇంకా చదువుతున్నారేమోనని. మా మహారాష్ట్రలో జబ్బు నయమైనవాళ్లని ఆసుపత్రుల నుంచి బిచ్చగాళ్ల శరణాలయాలకీ వృద్ధాశ్రమాలకీ మార్చారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 జూలైలో కోర్టు దాన్ని వెంటనే ఆపమంది. ఇరవై అయిదేళ్లవాణ్ణి వృద్ధాశ్రమంలో ఊహించుకోండి.

జైపూరు అమ్మ | బుధవారం, రాత్రి 8:30

సీలేరు గారూ, ఒక్కడే ఉండలేనివాళ్ల సంగతేమిటండీ? మావాడు అన్నం వండుకోగలడు. బియ్యం అయిపోయిందని గమనించలేడు. కరెంటు బిల్లు చూస్తే భయపడతాడు. వాడికి మొత్తం ఆసుపత్రీ అక్కర్లేదు, ఒంటరి గదీ కుదరదు. మధ్యలో ఏదీ లేదా?

సీలేరు | బుధవారం, రాత్రి 9:45

ఉందమ్మా, మన దగ్గర కాదు. చెన్నైలో బాన్యన్ అని 1993 నుంచి పనిచేస్తున్న సంస్థ 2015లో హోమ్ అగైన్ అని మొదలుపెట్టింది. మామూలు వీధిలో మామూలు అద్దె ఇల్లు తీసుకుంటారు. నలుగురైదుగురు కలిసి ఉంటారు. ఏళ్ల తరబడి ఆసుపత్రిలో ఉండిపోయినవాళ్లే ఎక్కువ. బయట బోర్డుండదు. తోడుగా ఒక మనిషి ఉంటారు, మీరన్న బియ్యం, బిల్లుల్లాంటివి వాళ్లు చూస్తారు. ఎవరికి ఎంత అవసరమో అంతే, మిగతాది వాళ్లే చేసుకుంటారు. తమిళనాడు దాటి కేరళకీ వెళ్లింది.

కేంద్రం దీన్‌దయాళ్ దివ్యాంగుల పునరావాస పథకం కింద, జబ్బు అదుపులో ఉన్నవాళ్ల కోసం హాఫ్‌వే హోము నడిపే సంస్థలకి గ్రాంటు ఇస్తుంది. అంటే దారి ఉంది. నడిపేవాళ్లు ముందుకు రావాలి. జైపూరు, కొరాపుట్, రాయగడలో మీలాంటి తల్లిదండ్రులు నాకు తెలిసి పదిహేను మంది ఉన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, "మనింటి సంగతి బయటికెందుకు" అని.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు, అదీ చెప్పాలి. కొన్ని వైకల్యాల కోసం కేంద్రం పెట్టిన నేషనల్ ట్రస్టు పథకాలకి అప్లై చేసి తిరస్కరించారని బాధపడతారు. అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలకే. స్కిజోఫ్రీనియా అందులో లేదు.

అబ్బాయికి వైకల్య సర్టిఫికెట్ తీసుకున్నారా? సైకియాట్రిస్టు నాలుగు విషయాలు చూస్తారు: తన పని తను చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, ఉద్యోగం లేదా ఇంటిపని. జబ్బు ఎన్నాళ్లుగా ఉందో కూడా లెక్కకి వస్తుంది. వాణ్ణి ఆ రోజు తలదువ్వి, ఇస్త్రీ చొక్కా వేసి తీసుకెళ్తారు చూడండి, అమ్మలందరూ అదే చేస్తారు. మామూలుగా ఎలా ఉంటాడో అలాగే తీసుకెళ్లండి.

జైపూరు అమ్మ | గురువారం, ఉదయం 6:05

నేనూ ఇస్త్రీ చొక్కాయే వేశాను. 30 శాతం ఇచ్చారు.

వికలాంగుల పింఛను సంగతి కూడా అడగనా? ఆంధ్రాలో 6,000 ఇస్తున్నారు కదా, ఇచ్ఛాపురంలో మా చెల్లెలి అడ్రసు మీద పెట్టమంటున్నారు.

గుణుపురం ప్లీడరు గుమస్తా | గురువారం, ఉదయం 8:20

వద్దమ్మా. 2024 జూలై నుంచి అక్కడ 6,000 అయిన మాట నిజమే, ఇక్కడ ఒడిశాలో 80 శాతం, ఆపైన ఉన్నవాళ్లకే 3,500, అదీ 2025 నుంచి. సరిహద్దు ఊళ్లన్నిటికీ నోరూరుతోంది. కానీ ఉండేది ఇక్కడ, పింఛను అక్కడ అంటే ఏదో ఒక ఏరివేతలో పోతుంది, రికవరీ పెడతారు. 30 శాతం మీద మళ్లీ పరీక్ష కోరండి, ముందు అది.

మహేంద్రతనయ | శనివారం, రాత్రి 10:40

అయిదు రోజులు కనబడలేదు, ఇళ్ల వేటలో ఉన్నాను.

సీలేరు గారి మాట మీద గురువారం రాత్రి పదింటికి లంజిపల్లి వైపు ఒక గది చూడ్డానికి వెళ్లాను. పగలు చూసినప్పుడు వెనక ఖాళీ స్థలం, కొబ్బరిచెట్లు, ఎంత బావుందో. రాత్రికి ఆ ఖాళీ స్థలంలో షామియానా, డీజే. పెళ్లిళ్లకి అద్దెకిస్తారట. కిటికీ ఊచ మీద చెయ్యి వేస్తే దరువు చేతికి తగిలింది. ఓనరు గారు "ఇవాళొక్కరోజే" అని అరిచి చెప్పారు, మామూలుగా చెప్తే వినబడదు మరి.

తర్వాతిది మా ఆఫీసు అక్క వీధిలోనే. కింది వాటా, స్లాబు, బావి ఉంది, 4,200. ఓనరమ్మ ఒక్కరే ఉంటారు, ఒడియావాళ్లు, తెలుగు బాగా వచ్చు. ఈసారి కాగితం ఇంట్లోనే రాసుకుని వెళ్లాను. "నాకు నిద్రకి సంబంధించిన జబ్బుంది. మందులు వాడుతున్నాను, నాలుగేళ్లుగా బాగున్నాను. ఎప్పుడైనా వరసగా రెండు రాత్రులు నా గదిలో లైటు వెలుగుతూ ఉంటే ఈ నంబరుకి చెప్పండి." కింద ఆఫీసు అక్క నంబరు. ప్రతినిధిగా ఉండమని అక్కనే అడిగాను, సంతకం పెట్టడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అన్నయ్యకి ఇంకా చెప్పలేదు.

ఓనరమ్మ కళ్లజోడు పెట్టుకుని కాగితమంతా చదివారు. నా చెవుల్లో గుండె చప్పుడు. మడతపెట్టి, దేవుడి పటం వెనక పెట్టి అడిగారు: "నీసు వండుతావా?"

నేను ఎండురొయ్యలు లేకపోతే అన్నం తినని మనిషిని. రెండు సెకన్లు ఆలోచించి "వండను" అన్నాను. ఆదివారాలు పిన్ని ఇంటికి వెళ్లి తింటాను, అలాగైనా వెళ్తాను.

సిరొంచ తమ్ముడు | శనివారం, రాత్రి 10:58

జబ్బు ఒప్పుకున్నారు, రొయ్యలు ఒప్పుకోలేదా!

పెద్దబజారు బాబాయ్ | ఆదివారం, ఉదయం 9:30

అగ్రిమెంటు నీ పేరు మీదే కదమ్మా? గుమస్తా గారు చెప్పినట్టు నోటీసు సంగతి రాయించావా?

మహేంద్రతనయ | ఆదివారం, ఉదయం 11:15

నా పేరు మీదే బాబాయ్ గారూ. రెండు నెలల నోటీసు, అడ్వాన్సు పదిహేను రోజుల్లో వాపసు, రెండూ రాశారు. ఒకటో తారీకు దిగుతున్నాను. బీరువా మోయడానికి పెళ్లికొడుకే వస్తానన్నాడు. రెండో తాళంచెవి అక్కకిచ్చాను. ఇచ్చేటప్పుడు కొంచెం ఏదోలా అనిపించింది, పూర్తిగా నా ఇల్లు కాకుండా పోయినట్టు. రాత్రికి సర్దుకుంది.

సీలేరు | ఆదివారం, మధ్యాహ్నం 3:00

ఆ తాళంచెవి ఎప్పుడు వాడొచ్చో అక్కతో ముందే మాట్లాడుకోండి. ఫోనుకి పలకకపోతే ఎన్ని గంటలు ఆగాలి, తలుపు కొట్టాక ఎంతసేపు చూడాలి. లేకపోతే ఆవిడకీ తెలియదు, మీకూ చిరాకు. లిథియం పాళ్ల పరీక్ష ఏప్రిల్ మొదట్లో ఒకసారి చేయిస్తే మంచిది, డాక్టరు గారిని అడగండి.

పెద్దబజారు బాబాయ్ | ఆదివారం, రాత్రి 8:20

జైపూరు అమ్మగారూ, మీకో మాట. నాకు మేడ మీద ఒక గది ఖాళీగా ఉంది. రేకులు కాదు, స్లాబే. పక్కనే ఇంకో చిన్న గది, స్టోరు. అబ్బాయీ, అతనికి తోడుగా ఒక మనిషీ ఉండొచ్చు. జైపూరు నుంచి మీరొచ్చి నెలా రెండు నెలలు ఉండి చూడండి, తర్వాత సంగతి తర్వాత. బియ్యం, కరెంటు బిల్లు మా ఆవిడ చూడగలదు. తను ఇంకా ఒప్పుకోలేదు, ఆ మూడు రాత్రులు మర్చిపోలేదు. చీటీ ముందు ఇస్తారని చెప్పాను, ఆలోచిస్తానంది. నీసు పర్వాలేదు.

జైపూరు అమ్మ | ఆదివారం, రాత్రి 9:55

బాబాయ్ గారూ, మీ పోస్టు వాళ్ల నాన్నకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు.

ముందే చెప్తున్నాను, మావాడు బీడీలు తాగుతాడండీ. రోజుకో కట్ట.

పెద్దబజారు బాబాయ్ | ఆదివారం, రాత్రి 10:04

మేడ మీద తాగమనండి. బట్టలారేసే వైపు మాత్రం కాదు.